మధ్యాహ్నం రెండు గంటల లారీ

బెంగుళూరు నుంచి పూతలపట్టుకి బస్సులో వెళ్ళేవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. పలమనేరు దాకా కిటికీ తెరుచుకుని హాయిగా కూర్చోవచ్చు. మొగిలి ఘాటు దిగడం మొదలవగానే పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి మొహానికి కొడుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకే మా అమ్మ ఫోన్లో "ఈ ఏడు ఎండలు తట్టుకోలేకుండా ఉండాయి" అన్నప్పుడల్లా "మన చిత్తూరు జిల్లాలో ఎప్పుడు తక్కువున్నాయిలేమ్మా" అని కొట్టిపారేసేవాణ్ణి.

వాతావరణ మార్పు అంటే నా బుర్రలో ఉన్నది కరిగే మంచుకొండలు, తెల్ల ఎలుగుబంట్లు, ఇంకా జూన్ 5న ఆఫీసులో పంచిపెట్టే మొక్కలు. (నాకిచ్చిన మొక్క డెస్కు మీదే ఎండిపోయింది. ఏసీ గాలికి అనుకుంటా!)

2024 మే నెలలో మా తోపులో బేనీషా కోత. లారీ మాట్లాడింది నేనే, ఇక్కణ్ణుంచి ఫోన్లో. పొద్దున్నంతా వరస మీటింగులు, మధ్యాహ్నమైతే డ్రైవరుతో మాట్లాడ్డానికి ఖాళీగా ఉంటానని రెండు గంటలకి రమ్మన్నాను. లారీ రెండింటికి కాబట్టి, కోసిన కాయ ఎండలో పడుండకూడదు కాబట్టి, కోత పదింటికి మొదలైంది. కాయకి ఎండ తగలకూడదని అందరం ఆలోచించాం. మనుషుల సంగతి ఎవరికీ తట్టలేదు.

చిక్కంతో కోసేవాళ్ళకి చెట్టునీడైనా ఉంటుంది. ఏరి, క్రేట్లకెత్తి, దారి దాకా మోసేవాళ్ళకి అదీ లేదు. ఒంటిగంట దాటాక మోసేవాళ్ళలో ఒకామె, నాకు వరసకి అక్క, తల తిరుగుతోందని కూలబడింది. కాసేపటికి మాట తడబడింది, ఎవరిని ఏమంటోందో తెలీడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. గాలి సోకిందని ఒకరు, పొద్దున ఏమీ తినలేదేమోనని ఇంకొకరు. ఒకామె నోట్లో మజ్జిగ పొయ్యబోయింది. మా నాయన ఆటో కోసం తిరుగుతున్నాడు. అదృష్టం కొద్దీ పక్క తోపులో కరెంటుంది, బోరు ఆడతా ఉంది. ఒక ముసలాయన "ముందు నీళ్ళు పొయ్యండ్రా ఆ పిల్ల మింద!" అని కేకలేసి, ఎత్తుకెళ్ళి పైపు కింద పడుకోబెట్టించాడు. ఆటో వచ్చేసరికి అరగంట పట్టింది. ఆమె బతికింది.

నా ఫోన్లో నాలుగు మిస్డ్ కాల్స్. నేను మీటింగులో ఉన్నాను.

తర్వాత తెలిసిన డాక్టరు ఒకాయనకి జరిగింది చెబితే, ఆ ముసలాయన చేసిందే సరైన వైద్యమన్నాడు. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తికమకపడిందంటే ముందు ఒళ్ళు చల్లబరచాలి, ఆస్పత్రి ప్రయాణం ఆ తర్వాత. మనిషి స్పృహలో సరిగ్గా లేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంత చిన్న విషయం ఇంజనీరింగు చదివిన నాకు తెలీదు. మీకు తెలుసా?

అప్పట్నుంచి దీని గురించి కాస్త చదివాను. మన ఒంటికి ఉన్న ప్రధానమైన ఏసీ చెమట. రక్తాన్ని చర్మం దగ్గరికి తోలడానికి గుండె గబగబా కొట్టుకోవాలి, చెమట ఆరాలి. గాలిలో తేమ ఎక్కువైతే అది ఆరదు. అందుకే ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు, థర్మామీటరుకి తడిగుడ్డ చుట్టి కొలిచే లెక్క ఒకటుంది. ఆ లెక్కన 35 డిగ్రీలు మనిషి తట్టుకోగల హద్దు అని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని గదిలో పెట్టి చూస్తే హద్దు 31 దగ్గరే కనబడింది. అదీ ఊరికే చిన్న చిన్న పనులు చేసేవాళ్ళకి. క్రేట్లు మోసేవాళ్ళకి కాదు, మా అమ్మ వయసువాళ్ళకి అసలే కాదు.

అమ్మ అంటే గుర్తొచ్చింది, నా రెండో నేరం. ఉద్యోగం వచ్చిన నాలుగేళ్ళకి పెంకుటిల్లు కొట్టించి మిద్దె కట్టించాను. ఊళ్ళో పేరొచ్చింది. ఆ కాంక్రీటు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం, ఫ్యాను వేస్తే వేడిగాలి. పగటి దెబ్బ నుంచి ఒళ్ళు తేరుకోవాల్సింది రాత్రి నిద్రలోనే. పైగా అమ్మ వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీరు తీసే రకం. మాత్ర మానెయ్యమని కాదు, మానకూడదు కూడా. కానీ ఎండాకాలం రాకముందే ఒకసారి డాక్టర్ని అడగాలి అని నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

2015 ఎండలకి ఒక్క ఆంధ్రప్రదేశ్ లోనే 1,300 మందికి పైగా పోయారని ప్రభుత్వ లెక్క. అందులో "గుండెపోటు" అని రాసేసినవాళ్ళు ఉండరు. అహ్మదాబాదులో 2010 మేలో మొత్తం చావుల్ని మామూలు ఏళ్ళతో పోల్చి చూస్తే 1,344 అదనంగా తేలాయి. లాగుల్లో రాని ఎర్రర్లన్నమాట. 2013లో ఆ ఊరు వేడికోసం ఒక ప్రణాళిక తయారుచేసుకుంది: ముందస్తు హెచ్చరికలు, ఆస్పత్రి సిబ్బందికి శిక్షణ, తాగునీళ్ళు. తర్వాత చావులు బాగా తగ్గాయని అధ్యయనాలు చెప్పాయి.

ఎండ ఒక్కటే కాదనుకోండి. 2021 నవంబరులో తిరుపతి మునిగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. వానెక్కువైనా, నీళ్ళు లేక డ్రమ్ముల్లో పట్టి పెట్టుకున్నా డెంగీ దోమకి పండగే.

"మనం ఒక్కళ్ళం ఏం చెయ్యగలం" అనేది మనవాళ్ళకి ఇష్టమైన ప్రశ్న. ఒక సగటు భారతీయుడు ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడు సుమారు 2 టన్నులు. మనం ఆన్సైట్ పేరుతో ఒక్కసారి అమెరికా వెళ్ళొస్తే దాదాపు అంత. మా అక్కకి ఆ రెండు టన్నులు కూడా ఉండవు. అనవసరమైన ప్రయాణాలు నేను తగ్గించాను కానీ, దాంతో మా ఊరి ఎండ రవ్వంత కూడా తగ్గదని నాకూ తెలుసు. తగ్గేది ఎండలో మనిషి నిలబడే గంటలు. అవి చాలాసార్లు మనలాంటివాళ్ళ చేతిలోనే ఉంటాయి. పొలంలో కూలీలు కావచ్చు, మన అపార్టుమెంటు కడుతున్న మేస్త్రీలు కావచ్చు, రెండింటికి బిర్యానీ తెచ్చే కుర్రాడు కావచ్చు.

2025 కోతకి ముందు మా నాయనతో పెద్ద గొడవ. మార్చిలో పిల్లలకి ఒంటిపూట బడి పెట్టినప్పుడు పెద్దవాళ్ళకి ఒంటిపూట పని ఎందుకుండకూడదు అని నా వాదన. పొద్దున అయిదున్నర నుంచి పదిన్నర దాకా, కూలి మాత్రం మొత్తం. "నువ్వు ఆడ ఏసీలో కూసోని చెప్తా ఉండావు. ఈడ ఇంకోరోజు కూలి ఎవురిస్తారు?" అన్నాడు. నేనిస్తానన్నాను. ఇచ్చాను. లారీ పదకొండుకి వచ్చింది. పక్క తోపాయన "సాఫ్టువేరు డబ్బులు, ఎన్నైనా చెయ్యొచ్చు" అన్నాడని తెలిసింది. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. తోతాపురి ధర కిలో పది రూపాయలు కూడా పలకని ఏడాది అది, జీతం రాని రైతుని ఇదే చెయ్యమని చెప్పే మొహం నాకు లేదు.

మిద్దెకి మాత్రం ఏప్రిల్ లోనే సున్నం కొట్టించాం, ఫెవికాల్ కలిపి, మూడు పూతలు. పెద్ద ఖర్చు కాదు. తెలంగాణ 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గిందని నా చవక థర్మామీటరు చెప్పింది. అమ్మ థర్మామీటరు చూడలేదు, "రాత్రి నిద్ర పట్టింది" అంది.

కోత చివరిరోజు ఆ అక్క కనబడితే, పదిన్నరకే పంపిస్తున్నాం కదా బాగుందా అని కాస్త గర్వంగానే అడిగాను. నవ్వింది. "బాగానే ఉండాది అబ్బోడా. ఇంటికి పోతే మాది రేకుల ఇల్లు. మద్యానం పూట ఆడికంటే మీ తోపులో చెట్టుకిందే మేలు."

రేకుల మీద సున్నం నిలవదట, ఒక్క వానకే పొరలు లేస్తుంది. రేకులకి వేసే తెల్ల పెయింటు వేరే ఉందని చిత్తూరులో ఒక షాపాయన చెప్పాడు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఇంటి కొలతలు తీసుకురావాలి.