బిళ్లలో దక్కిన బొమ్మలు

సత్యజిత్ రాయ్ గారి "పథేర్ పాంచాలి" 1955లో వెలువడిన వంగచిత్రము. అపు అను బాలుని కథ. 1959 లోపల దానికి తరువాయిగ మరి రెండు చిత్రములు వచ్చెను. వీని మూలపు ఫిలిములు 1993లో లండను నగరమున నొక ప్రయోగశాలలో మంటలవాత బడి చెడిపోయెను. కాలిన చుట్టలను పారవేయక దాచుటచే, పిమ్మట ఇటలీ దేశమున బొలోనా పట్టణపు పనివారు పెళుసెక్కిన ఫిలిమునకు తేమ పట్టించి, చినిగిన యంచుల నతికి, దాదాపు వేయిగంటలు చేతిపని చేసిరి. పనికిరాని తావులను అన్యప్రతులనుండి పూరించిరి. తాళపత్రములను పరిష్కరించు పండితులు చేయునదియు నిదియే గదా!

2015లో ఆ మూడును బ్లూ-రే బిళ్లలపై అమెరికాలో వెలువడెను. రైలును జూడ అపు పరుగిడు ఘట్టమున రెల్లుకంకులు వేర్వేరుగ గానవచ్చుచున్నవి. మేము మునుపు చూచిన ప్రతిలో అదియంతయు తెల్లని మసక.

అంతర్జాలమున దొరకుచుండ బిళ్ల యేల యని మా యింట నడిగిరి. అంతర్జాలపు చిత్రము అద్దెయింటి పెరటిచెట్టు. కొట్టివేయునాడు యజమాని మన నడుగడు. బిళ్ల మన బీరువాలోనిది, కూతునకు ఇచ్చుకొనవచ్చును.

బంధువులచే అమెరికానుండి తెప్పించుకొనువారు మాత్రము పెట్టెపై మండలపు గురుతు చూడవలెను. బ్లూ-రే బిళ్లలకు ఆ దేశము "ఎ" మండలము, మనది "సి". గురుతు కలియనిచో మన యంత్రము దానిని ఆడింపదు. మేము పండుగచీర మానుకొని అన్ని మండలముల బిళ్లలను ఆడించు యంత్రమునే కొంటిమి.