సైలెన్సరూ, కొన్ని అతుకులూ

కారు అడుగున, ఇంజను నుంచి వెనుక చివరిదాకా సాగే పొగగొట్టానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు సైలెన్సరు. నిజానికి ఆ పేరు దారిలో ఉండే డబ్బాకు మాత్రమే చెల్లుతుంది. అయినా 'సైలెన్సరు లీకు' అంటే మెకానిక్కు మొత్తం గొట్టమనే అర్థం చేసుకుంటాడు. పేరుతో పేచీ లేదు గాని, దానివల్ల ఒక భ్రమ కలుగుతోంది. ఆ గొట్టం ఉన్నది చప్పుడు తగ్గించడానికేననీ, అతుకు ఊడితే చెవులకు కాస్త ఇబ్బందేననీ సరిపెట్టుకుంటాం. మండిన గాలిని మనుషులు కూర్చునే చోటు దాటించి వెనుక వదలడమన్న అసలు పని మన ఊహకు రాదు.

మా నాన్నగారిది 1998 నాటి మారుతి 800, కార్బ్యురేటరు మోడలు. ఆ బండి తయారీ 2014 జనవరిలోనే నిలిచిపోయింది గాని, కాకినాడలో నాన్నగారి బండి మాత్రం నిలవలేదు. నెలకొకసారి అమ్మను ఎక్కించుకుని అన్నవరం వెళ్లివస్తారు. సెలవుల్లో మేము వెళ్తే మా అమ్మాయి కూడా వెనుక సీటులో ఎక్కుతుంది. ఊరు దాటేలోగా నిద్రపోతుంది. నా దిగులంతా ఆ నిద్ర గురించే.

చల్లటి ఇంజను తీసినప్పుడు ముందు భాగం నుంచి 'టిక్కు టిక్కు'మని ఒక చప్పుడు వచ్చేది. కాసేపటికి తగ్గిపోయేది. "వేడెక్కితే అదే సర్దుకుంటుందిరా" అనేవారు నాన్నగారు. ఆ మాటలో కొంత నిజముంది. వేడికి ఇనుము వ్యాకోచించి సన్నని సందులు కొంత పూడుతాయి. అయితే చప్పుడు తగ్గినంత మాత్రాన కారడం ఆగిపోయినట్లు కాదు.

కారేది మామూలు పొగ అయితే ముక్కే హెచ్చరిస్తుంది. అందులో కలిసివచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటె 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత వికారం, ఆపైన మగత. నిద్రపోయే పిల్లలో మగతను ఎవరు కనిపెట్టగలరు? పైగా ఆ బండికి క్యాటలిటిక్ కన్వర్టరు లేదు. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు అది తప్పనిసరి అయింది గాని, మా బండిదాకా రాలేదు. అడుగు రేకులో ఒక తుప్పు చిల్లు, వెనుక తలుపు రబ్బరులో ఒక పగులు చాలు, ఆ గాలి లోపలికి రావడానికి.

గొట్టం పాడవడానికి సముద్రపు గాలి ఒక్కటే కారణం కాదు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో అది ఆవిరై పోతుంది. బజారుదాకా వెళ్లి తిరిగివచ్చే బండిలో మాత్రం గొట్టం పూర్తిగా వేడెక్కకముందే ప్రయాణం ముగిసి, నీరు లోపలే నిలిచి, లోపలినుంచి తినేస్తుంది. తక్కువ తిరిగిన కారు గొట్టం బాగుంటుందనే నమ్మకం అందుకే నిలవదు.

కారే చోటు పట్టుకోవడం తేలిక. బండిని ఆరుబయట పెట్టి, చల్లగా ఉన్నప్పుడే తీసి, తడిగుడ్డను మడిచి వెనుక గొట్టం మూతికి కొన్ని క్షణాలు అడ్డుపెట్టమని ఒకరితో చెప్పాలి. ఎక్కడ సందుంటే అక్కడ బుస వినిపిస్తుంది. పాత లీకైతే అతుకు చుట్టూ నల్లటి మసి కూడా ఉంటుంది. మాకు రెండు చోట్ల దొరికింది: ముందు ఫ్లాంజి దగ్గర, మధ్యలో ఒక గొట్టంలో మరొకటి దూరే అతుకు దగ్గర.

ముందు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించాను. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు కనుక, స్టాండ్లమీద నిలిపిన తరువాతే కిందికి దూరాను. పాత ప్యాకింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అందుచేత దుమ్ము లేవకుండా తడిపి గీకాను. ఇనుప స్కేలు ఆనించి చూసి, ఫ్లాంజి ముఖం వంకర లేదని తేల్చుకుని, కొత్త ప్యాకింగు వేసి, బోల్టులను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాను. ఒకవైపే ముందు బిగిస్తే రెండోవైపు సందు మిగులుతుంది. మధ్య అతుకును ఎమరీ కాగితంతో రుద్ది, వేడికి ఆగే పేస్టు రాసి, క్లాంపు వేశాను. మామూలు ఎపాక్సీ ముద్ద ఆ వేడికి నిలవదు. గొట్టమే పలుచబడి నొక్కితే లొత్తపడేటట్లుంటే ఏ పేస్టూ పనిచేయదు, ముక్క మార్చవలసిందే.

ఇంతకూ ముందు అతుకు ప్యాకింగును అంతకుముందే ఒక మెకానిక్కు రెండుసార్లు మార్చాడట. మార్చిన కొన్నాళ్లకే మళ్లీ ఊదేదట. కారణం అతుకులో లేదు. దానికి రెండడుగుల వెనుక ఉంది. గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు రింగు ఒకటి తెగిపోయింది. అది మోయవలసిన బరువంతా అతుకుమీద పడి, ప్రతి గుంతకూ దానిని విరగదీస్తోంది. రింగు మార్చకుండా ఎన్ని ప్యాకింగులు వేసినా వాటికి ఆయుష్షు ఉండదు. ఇళ్లలోనూ ఇంతే. విసుగు పడేది ఒకచోట, బరువు పడేది మరొకచోట.

పని ముగిశాక బండిని కాసేపు వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి, మరొకసారి బిగించాను. చేతులు కడుక్కుంటుంటే అమ్మ మెల్లగా చెప్పింది: "నువ్వు వచ్చిన రోజుల్లో పెందలాడే లేచి షెడ్డులోనే పావుగంట ఇంజను తిప్పి ఉంచుతారురా. చప్పుడు వింటే బండి అమ్మేయమంటావని."

షెడ్డు తలుపు మూసే ఉంటుంది, వీధివాళ్లకు నిద్రాభంగం కాకుండా. ఆ షెడ్డుకూ వంటింటికీ మధ్య ఒక కిటికీ ఉంది.

నాన్నగారి దగ్గరకు వెళ్లి, "బండి అమ్మమని నేనెప్పుడూ అనను నాన్నగారూ. కానీ ఇకమీదట వీధిలోకి తోసిన తరువాతే తాళం తిప్పండి. అతుకులు బాగుపడినా సరే" అన్నాను. ఆయన కొంతసేపు పేపరు చూస్తూ ఉండిపోయారు. తరువాత, "తోయడానికి ఇంకొకరు ఉండాలి కదరా" అన్నారు.

ఎదురింటి కుర్రవాడితో మాట్లాడి వచ్చాను. షెడ్డు తలుపుకు కొత్తగా ఒక కొక్కెం కూడా పెట్టించాను, తెరిచి ఉంచడానికి.