గంజి ఎవరికి?

మా అమ్మమ్మ అన్నం వార్చే వేళకి గంజి కోసం మూడు వైపుల నుంచి పోటీ ఉండేది. గిన్నె మీద సిబ్బి పెట్టి, రెండు చేతులా గుడ్డతో పట్టి వంచేసరికి తెల్లటి ధార తపేలాలోకి దిగేది. అమ్మకి అది నేత చీరలకి కావాలి. తాతయ్యకి ఉప్పూ మజ్జిగా కలుపుకుని తాగడానికి కావాలి. పెరట్లో గేదె అడగలేదు గానీ, దాని తరఫున పాలేరు అడిగేవాడు, కుడితిలో పొయ్యడానికి. ఎక్కువసార్లు గెలిచేది అమ్మే. చీర ఆరేసిన దండెం కింద నిలబడితే ఆ గంజి వాసన, ఎండ వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ నాకు శుభ్రం అంటే ఆ వాసనే.

ఈ గంజి సంగతి చాలా రోజులుగా మీతో చెప్పాలనుకుంటున్నాను.

కాలేజీలో హోమ్ సైన్స్ చదివేటప్పుడు మాకు రెండు నోటుపుస్తకాలు ఉండేవి. ఒకటి బట్టల సంరక్షణకి, ఒకటి ఆహారానికి, పోషకాలకి. మొదటి దాంట్లో గంజి పెట్టే విధానం రాసుకున్నాం. రెండో దాంట్లో నీటిలో కరిగే విటమిన్ల గురించి రాసుకున్నాం. రెండు పుస్తకాల్లో ఉన్నదీ ఒకే తపేలాలోని నీళ్ళని నాకు ఇల్లు దిద్దుకోవడం మొదలుపెట్టాక గానీ తట్టలేదు.

ముందు చీర వైపు నుంచి చూద్దాం. బియ్యపు గింజలో పిండి చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. నీళ్ళు కాగేకొద్దీ ఆ రేణువులు ఉబ్బి, వాటిలోని పిండి కొంత బయటికి కరిగి నీళ్ళు జిగురెక్కుతాయి. ఆ జిగురు నూలుపోగు మీద సన్నటి పొరలా ఆరుతుంది. లేచి ఉన్న నూగు అణిగిపోతుంది, బట్ట బిరుసుగా నిలబడుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. మురికి పోగుని కాకుండా ఆ పొరని పట్టుకుంటుంది. మళ్ళీ ఉతికినప్పుడు పొర కరిగి, మురికిని వెంటబెట్టుకుని పోతుంది. మగ్గం దగ్గర నేతవారు పడుగుకి గంజి పట్టించేదీ ఈ పొర కోసమే. పోగు పోగు రాసుకుని తెగిపోకుండా అది కాపాడుతుంది.

ఇక తాతయ్య గ్లాసు వైపు నుంచి. ఆ తపేలాలోకి పిండి ఒక్కటే దిగదు. బి విటమిన్లు నీటిలో కరుగుతాయి కాబట్టి అవీ దిగిపోతాయి. వాటిలో బి1, అంటే థయమిన్, కథ తెలుగువాళ్ళకి బాగా దగ్గరిది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి కూలబడటం, తవుడున్న బియ్యం వేస్తే మళ్ళీ లేవడం గమనించాడు. 1929లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మనుషులకి వచ్చే ఆ జబ్బు బెరిబెరి. మన దేశంలో అది బాగా కనిపించిన చోటు ఏదనుకున్నారు? మన ఉత్తర సర్కారు జిల్లాలే, అంటే కోస్తా వైపే. మర పట్టిన పచ్చి బియ్యం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలని కోరుకున్న సీమ మనది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు అంతగా లేదు.

ఈ బెరిబెరి మీద పరిశోధన కోసమే 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక చిన్న గదిలో పని మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వైపు వెళ్ళినప్పుడల్లా దాని గేటు చూసి, ఇదంతా అన్నం గిన్నె దగ్గర మొదలైందని తలుచుకుంటాను. ఆ సంస్థ వేసిన పోషక విలువల పట్టికలు మా తరానికి పాఠ్యపుస్తకాలు. 100 గ్రాముల దంపుడు బియ్యంలో థయమిన్ 0.21 మిల్లీగ్రాములు. అదే పచ్చి బియ్యం మర పడితే 0.06. ఉప్పుడు బియ్యం మర పట్టినా 0.21 నిలుస్తుంది. వడ్లని పొట్టుతోనే నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, అందుకని మర దాన్ని పూర్తిగా దోచుకోలేదు.

ఆ మిగిలిన 0.06ని మనం ఏం చేస్తున్నాం? నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగైదుసార్లు బియ్యం కడుగుతాం. కడుగు నీళ్ళతో కొంత పోతుంది. తరవాత గంజి వారిస్తే మరికొంత. ఆ రోజుల్లో గేదె పుష్టిగా ఉండేదంటే ఉండదూ మరి!

మన భాషలో దీనికి మంచి మాట ఉంది, అత్తెసరు. కొలిచి నీళ్ళు పోసి, వార్చకుండా ఇగిరేదాకా ఉడికించడం. అత్తెసరు మార్కులంటే బొటాబొటీ మార్కులని పిల్లల్ని కోప్పడతాం గానీ, వంటలో మాత్రం అత్తెసరుదే మొదటి మార్కు. కుక్కర్లో వండేవాళ్ళు తెలియకుండానే ఆ పని చేస్తున్నారు. బియ్యం రెండుసార్లు కడిగితే చాలు, గట్టిగా పిసికి రుద్దకండి.

ఈమధ్య ఒక మాట వింటున్నాను, షుగరు ఉన్నవాళ్ళు గంజి వార్చుకు తింటే మంచిదని. కొంత పిండి పోయే మాట నిజమే. కానీ గింజలో మిగిలేదే ఎక్కువ. దాన్ని నమ్ముకుని ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటే వచ్చే లాభం లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆకుకూర పప్పు ఒక గరిటె పెంచుకుంటే మేలు. ఇంకో విషయం, రేషన్ బియ్యంలో కాస్త తేడాగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ అని ఏరి పారేస్తున్నారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారు చేసిన బియ్యపు గింజలు. కిలోకి పది గ్రాముల లెక్కన కలిపినవి. ఏరి పారేస్తే ఆ కలిపిందంతా చెత్తబుట్ట పాలు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సాధించిన దాన్ని మనం చేటలో ఏరేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి అమ్మ చీర సంగతి? దానికి నా జవాబు సగ్గుబియ్యం. సగ్గుబియ్యం దాదాపు అంతా పిండే. బియ్యంలో 100 గ్రాములకి ఏడు గ్రాముల దాకా మాంసకృత్తులుంటే ఇందులో 0.2 గ్రాములు. కడుపుకి పెద్దగా ఇచ్చేది లేదు, చీరకి కావలసిందంతా ఉంది. రెండు చెంచాలు నానబెట్టి, లీటరు నీళ్ళలో పారదర్శకంగా అయ్యేదాకా కాచి, పల్చటి గుడ్డలో వడకట్టండి. చల్లనీళ్ళు కలిపి పలచన చేసి, ఉతికిన చీరని తడిగా ఉండగానే ముంచండి. పొడి చీర ముంచితే గంజి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. తెల్ల చీరైతే చిటికెడు నీలిమందు, ముందుగా వేరే నీళ్ళలో కరిగించి పొయ్యాలి. ముదురు రంగులైతే తిరగేసి నీడన ఆరేయండి, తెల్ల మరకలు పైకి కనిపించవు. వానాకాలానికి మాత్రం గంజి చీర బీరువాలో ఉంచొద్దు. బూజుకీ, పురుగులకీ అది విందుభోజనం.

గంజి పెట్టే ముందు ఉతకాలి కదా. నూలు మొక్క నుంచి వచ్చింది కాబట్టి సబ్బులోని క్షారాన్ని ఓర్చుకుంటుంది. పట్టు అలా కాదు, అది మాంసకృత్తు. క్షారం దాన్ని తినేస్తుంది. అందుకే పెద్దవాళ్ళు కుంకుడు రసం తీసేవారు. గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఉతికేటప్పుడు ఆ అంచు మాటే వినాలి. గంజి కూడా ఒంటికే, అంచుకి వద్దు. రక్తపు మరకని వేడినీళ్ళలో పెట్టొద్దనడమూ మాంసకృత్తు వల్లే. గుడ్డు ఉడికి గట్టిపడ్డట్టు రక్తంలోని మాంసకృత్తు పోగులోనే గట్టిపడుతుంది. చల్లనీళ్ళలో నానిస్తే వదిలిపోతుంది.

బోరునీళ్ళ ఊళ్ళో కాపురం చేసినవాళ్ళకి ఇంకో బాధ తెలుసు. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. రెంటికీ దోషి ఒక్కటే, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిసి బట్టకి మడ్డిలా అంటుకుంటాయి, పప్పులో చేరి గింజని బిగించేస్తాయి. బట్టలకి చాకలి సోడా వేస్తే ఆ ఖనిజాలు విరిగి అడుగుకి చేరతాయి. పప్పులో తినే సోడా మాత్రం వెయ్యకండి, మెత్తబడుతుంది గానీ థయమిన్ చచ్చిపోతుంది. నీళ్ళు మరగకాచి, తేర్చి, అందులో పప్పు నానబెట్టండి. చింతపండు పప్పు మెదిగాకే. రెండు సోడాలూ ఒకే అలమరలో ఉంచకూడదని వేరే చెప్పాలా?

తాతయ్య గ్లాసు బాకీ ఉండిపోయింది. అత్తెసరు పెట్టే ఇంట్లో గంజి మిగలదు కదా, అందుకని నేను వేరే కాస్తాను. గుప్పెడు దంపుడు బియ్యం రవ్వ, అయిదారు గ్లాసుల నీళ్ళు, సన్నని సెగ. వార్చేది లేదు, గింజ, నీళ్ళు మొత్తం అందులోనే. చల్లారాక ఉప్పు, పుల్ల మజ్జిగ, నలిపిన వాము. పక్కన పచ్చి ఉల్లిపాయ. పొయ్యి మీద ఉంది, ఉండండి, మీకూ ఒక గ్లాసు తెస్తాను.