ఎక్సెల్ పరీక్షకు మా ఇంటి సన్నాహం

విశాఖ రేవు 1933లో ప్రారంభమైన కాలంలో సరుకుల లెక్కలు పెద్ద పుస్తకాలలో వ్రాసేవారు. నేడు అవి ఎక్సెల్ పట్టికలలో ఉంటున్నాయి. మా అమ్మాయి బి.కాం. ముగించి ఒక షిప్పింగ్ కార్యాలయానికి దరఖాస్తు చేయగా, ఇంటర్వ్యూకు ముందు 40 నిమిషాల ఎక్సెల్ పరీక్ష ఉంటుందని కబురు వచ్చింది. గాజువాకలోని మా ఇంటికి ఇప్పుడు ఒక్క జీతమే ఆధారం. కనుక ఇషా నమాజు తరువాతి సమయమంతా ఆ పరీక్షకే కేటాయించాము.

సూత్రాల పేర్లు వల్లె వేయడం వల్ల ప్రయోజనం స్వల్పం. వీలుకప్ పేరు చాలామందికి తెలుసు. దాని చివర ‘ఫాల్స్’ అని వ్రాయకపోతే అది దగ్గరి విలువతో సరిపెట్టుకుని, తప్పు జవాబును సైతం నిస్సంకోచంగా చూపగలదు. అందుకే మా అబ్బాయి వాళ్ళ ఆపా కోసం పట్టికలను కావాలనే పాడుచేసి ఇస్తున్నాడు. వాడికి అదొక వేడుక! కంటైనరు నంబరుకు 4 అక్షరాలు, 7 అంకెలు; లెన్ సూత్రం 11కు బదులు 12 చూపితే ఎక్కడో కనిపించని ఖాళీ ఉన్నట్టే. చివరి ఖాళీని ట్రిమ్ తొలగిస్తుంది. టన్నుల గడిలో అంకె అక్షరరూపంలో నమోదైతే సమ్ దానిని కూడదు, ఫిర్యాదూ చేయదు.

తేదీలే అమ్మాయిని మూడు రాత్రులు వేధించాయి. 05/06 అంటే జూన్ 5వ తేదీయా, మే 6వ తేదీయా? సరుకు రేవులో ఎన్ని రోజులు నిలిచిందన్న లెక్క దానితోనే మారిపోతుంది.

పరీక్ష సోమవారం. తమ్ముడు దాచిన 9 దోషాలలో నిన్న 8 పట్టుకుంది. తొమ్మిదవది వాడు ఇంకా చెప్పలేదు.