కురవి సీమ: శాసనమునకు ముందు

కురవి యనగానే భక్తులకు కోరమీసాల వీరన్నయు శివరాత్రి జాతరయు జ్ఞప్తికి వచ్చును. చరిత్ర చదివినవారికి ముదిగొండ చాళుక్యుల తెలుగు శాసనమును, అందలి కుసుమాయుధ, గొణగ, నిరవద్యుల పేర్లును స్ఫురించును. పదవ శతాబ్ది పూర్వార్ధమునాటి ఆ గద్యము మన భాషకు గర్వకారణమే. కాని ఈ సీమ కథ దానితోనే ఆరంభమైనదనుకొనుట ఊరి పుట్టుకను కరణముగారి దస్తరముతో లెక్కించుట వంటిది.

మానుకోటకు ఆమడలోపుననే యున్న కురవి, 250 కోట్ల సంవత్సరములకు పైబడిన దక్కను పునాదిరాతిపై నిలిచినది. ఎర్రచెలకలను విడిచి ఉత్తరముగా సాగి, బయ్యారపు ఇనుపరాతి గుట్టలను, పాఖాల కొండలను దాటి భూపాలపల్లి చేరునప్పటికి నేల స్వభావమే మారిపోవును. అచ్చట సింగరేణి కార్మికులు త్రవ్వి తీయు బొగ్గు, మన ద్వీపకల్పము ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో ఏకఖండమై యుండిన కాలమున, 25 కోట్ల యేండ్లకు పూర్వము, చిత్తడి యడవులు పూడుకొనిపోగా ఏర్పడినది. ఆ మహాఖండమునకు శాస్త్రజ్ఞులు గోండుల పేరిట గోండ్వానా యని నామకరణము చేసిరి. నీటిదారులును ఇచ్చటనే చీలుచున్నవి: భూపాలపల్లి వాన గోదావరికి, కురవి వాన మున్నేటి వెంట కృష్ణకు పోవును.

ఈ రెండు నేలల నడుమ తొలి మానవుడు దేనిని వరించెను? రేగొండ ప్రాంతపు పాండవుల గుట్టలో 1990లో వెలుగుచూచిన చిత్రములు దీనికి కొంత సమాధానము చెప్పుచున్నవి. పైకి వంగిన ఇసుకరాతి చరియ క్రింద, ఎండవానలు సోకనిచోట, అడవిదున్నలు, జింకలు, పులులు ఎర్రని రంగుతో గీయబడియున్నవి. ఆ ఎరుపు ఇనుము కలిసిన మట్టిది. మన పల్లెల గడపలకు నేటికిని పూయు జాజు వంటిదే. వీనిలో ప్రాచీనమైనవి మధ్యశిలాయుగమునాటివని పండితుల నిర్ణయము. పాండవుల బొమ్మలు మాత్రము చాలా తరువాతివి. తెలుగునాట అంతుపట్టని రాయి ఏది కనబడినను కీర్తి పాండవులకైనను రాక్షసులకైనను పోవలసినదే గదా! తాడ్వాయి అడవిలో దామరవాయి వద్ద, రాతిపలకలను నిలువుగా పాతి పైన వెడల్పైన బండను కప్పిన బృహచ్ఛిలాయుగపు సమాధులు సైతము జనుల నోట రాక్షసగుళ్లే యైనవి.

వేటగానికి నీడనిచ్చు చరియ, ఊట, మృగము కావలెను. అవి ఇసుకరాతి కొండలలో దొరకినవి. పునాదిరాతి నేల అట్లు కాదు. వాన వెలిసిన పిదప అది నీటిని ఎక్కువకాలము దాచుకొనజాలదు. మిట్టకు మిట్టకు నడుమ కట్ట పోసి చెరువు నిలిపిన గాని పంట దక్కదు. అందువలననే ఈ సీమలో కొండ వేటగాని తావైనదనియు, చెలక సేద్యగానికై చిరకాలము వేచియుండెననియు నా తలంపు. గణపతిదేవుని కాలపు పాఖాల చెరువు, ఆయన సోదరి మైలాంబ కట్టించిన బయ్యారపు చెరువు ఆ సుదీర్ఘ ప్రయత్నమునకు పరిణతరూపములు. కురవి శాసనము రాజుల పేర్లను చెప్పినది. నేలను నివాసయోగ్యము చేసినవారి పేర్లను ఏ రాతియు చెప్పలేదు.

జాతరకు కురవి వచ్చు పాఠకులు వీలైనచో ఒకదినము ముందుగా బయలుదేరి, పాండవుల గుట్టను చూచిన పిమ్మటనే వీరన్న దర్శనమునకు రావలెనని నా మనవి. అచ్చటి బొమ్మలపై చేయి పెట్టకుడు; రాతిపై మీ పేరు చెక్కకుడు.