అండమానులో అందరూ చూడనివి

అండమాను వెళ్ళి వచ్చామంటే చాలు, మా కాలేజీ స్టాఫు రూములో రెండే ప్రశ్నలు వేస్తారు: "జైలు చూశారా? రాధానగర్ బీచిలో స్నానం చేశారా?" రెండూ అయినవి. ఆ ఇసుకను గురించీ నీటిరంగును గురించీ ఇప్పటికే బోలెడుమంది వ్రాశారు గనుక మీ ఓపికను పరీక్షించను. ఆ రెంటి మధ్య జనం చూడకుండా దాటిపోయే చోట్లున్నాయే, నేను చెప్పదలచింది వాటి సంగతి.

మాది నిర్మల్. 1860లో రాంజీ గోండునూ ఆయన అనుచరులనూ మా ఊళ్ళో మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి ఉరుల మర్రి అంటారు దాన్ని. చెట్టు పోయింది, పేరు మిగిలింది. అంతకు ముందే, 1857 జులై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌లు హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ మీద దాడిచేశారు. ఖాన్ తూటాకు బలి అయినాడు. మౌల్వీని అండమానుకు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు.

మౌల్వీ జాడకోసం సెల్యులర్ జైలులో వెతికితే లాభం లేదు. ఆ జైలు కట్టడం మొదలుపెట్టిందే 1896లో! నల్లనీళ్ళంటే ఆ జైలే అనుకుంటాము గాని, అది లేవకముందు నలభై యేండ్లపాటు ఎందరో ఆ దీవులలో బ్రతికి చచ్చారు. వాళ్ళ చోటు చూడాలంటే ఊరి అంచులకు పోవాలి.

1858 మార్చిలో మొదటి రెండువందల మంది ఖైదీలను దించింది చాథం దీవిలో. మంచినీళ్ళు చాలక రాస్ దీవికి మార్చారు. ఇప్పుడు చాథంకు వంతెన వుంది, ఆటోలో పోవచ్చు. 1883లో పెట్టిన సామిల్లు వుందక్కడ. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబు పడిన గుంట కూడా చూపిస్తారు. మా ఆవిడ ఎర్రటి పడౌక్ చెక్క నొకదాన్ని చేత్తో ఎత్తి చూచి, "ఇది మన బొమ్మలకు పనికిరాదండీ, బరువు" అన్నది. పొణికి చెక్క బొమ్మల ఊరికి కాపురానికి వచ్చిన కరీంనగరం ఆడపడుచు మరి!

వైపర్ దీవికి మాత్రం పడవే గతి. జనం పలచన. గుట్టమీద ఎర్రటి చిన్న కట్టడం, అదే ఉరికొట్టు. వైస్రాయి మేయోను పొడిచి చంపిన షేర్ అలీని 1872లో ఉరితీసింది ఈ దీవిలోనే.

"ఇంత ఎత్తున ఎందుకు కట్టారండీ?" అన్నది మా ఆవిడ.

నేను నోరు విప్పకముందే పడవమనిషి అందుకున్నాడు: "అందరికీ కనబడాలని తల్లీ." శ్రీకాకుళం మనిషి. తండ్రి కాలంలోనే చేపల వేటకు వచ్చారట. పిల్లలిద్దరూ అక్కడి తెలుగు బడిలోనే చదివారని చెప్పాడు. ఇక్కడ మా తెలుగు క్లాసులో ఖాళీ బెంచీలకు పాఠం చెప్పే నాకు, ఆ మాట సముద్రపు గాలికంటే హాయిగా తోచింది.

తిరుగుదారిలో అతడు, "మీ నిర్మల్లో సముద్రముందా బాబూ?" అన్నాడు.

"లేదు. దగ్గర్లో గోదావరి వుంది."

"రాజమండ్రి గోదావరే?"

"ఆ గోదావరే. మమ్మల్ని పలకరించాకే రాజమండ్రికి పోతుంది."

అతడు పెద్దగా నవ్వాడు. దిగేటప్పుడు మా ఆవిడ చేతిలో ఒక కొబ్బరికాయ పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.