పొట్టిదైపోయిన ఇల్లు

నేను ఆరో తరగతి చదివేటప్పుడు సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాను. ఇందుకూరుపేట దాటినాక బస్సు దిగి, బకింగ్‌హాం కాలువ కట్ట మీద నడిచి రొయ్యల గుంటల దగ్గరికి పోయేసరికి మా ఇల్లు లేదు. ఇల్లున్న చోట గుంజలు పీకిన బొక్కలు, మూడు పొయ్యిరాళ్లు, కాస్త బూడిద ఉన్నాయి. పెట్టె నెత్తిన పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాలువలో పీతలు పడుతున్న ఒక తాత నన్ను చూసి, "మీవోళ్లు ఆ దక్షిణం గుంటల కాడికి పోయినారు పాపా, మొన్ననే" అన్నాడు.

ఇంకో నాలుగు కిలోమీటర్లు నడిచాను. అక్కడ గట్టు మీద నాలుగు గుడిసెలున్నాయి. మాది ఏదో తలుపును చూసి గుర్తుపట్టాను. అది నాయన నూనె డబ్బా రేకులు కొట్టి చేసిన తలుపు. దాని లోపలివైపు నేను ఒకటో తరగతిలో సుద్దతో రాసి, మేకుతో గీసిన అ, ఆలు ఉన్నాయి. ఊరు మారినా ఆ తలుపు మా వెంటే వచ్చేది.

మేము యానాదులం. సముద్రం పక్కన రొయ్యల గుంటలకి కాపలా ఉండి, మేత చల్లి, రాత్రిళ్లు ఏరేటర్లు ఆగకుండా చూసే పని మా అమ్మానాయనలది. ఆ పని ఉన్న చోటే ఇల్లు. గుంట కౌలుకు తీసుకున్నాయనకి తెల్లమచ్చ రోగం తగిలి పంట పోతే ఆయన వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. "రెండు రోజుల్లో గట్టు ఖాళీ చేయండి" అంటాడు. మా నాయన ఇంకో గుంట ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. ఇల్లు విప్పుతాం, ఆటోలో వేస్తాం, పోతాం. నేను పదో తరగతి పాసయ్యేలోగా అట్లా ఆరుసార్లు మారాం.

ఇల్లు విప్పడం కూడా ఒక పనే. ముందు పైనున్న తాటాకు దించాలి. ఆకు ఉప్పుగాలికి పెళుసై ఉంటుంది, లాగితే పొడి అవుతుంది. బాగున్నది ఏరి కట్ట కడతాం, మిగతాది పొయ్యిలోకి. తర్వాత వాసాలు, వెన్నుగడ, చివరికి గుంజలు. నాయన మేకులు కొట్టేవాడు కాదు, అన్నీ తాటినారతో, తర్వాత్తర్వాత ప్లాస్టిక్ తాడుతో కట్టేవాడు. మేకు కొడితే కర్ర చీలుతుంది, విప్పేటప్పుడు పనికిరాదు. ముడి అయితే విప్పి మళ్లీ వేసుకోవచ్చు. ఇల్లు మొత్తం గంటలో విప్పేసేవాళ్లం.

కట్టడం ఒక రోజు పని. గుంజలకి సరుగుడు కర్రలు. ఉప్పునేలలో పాతితే అడుగు కుళ్లిపోతుంది, లేకపోతే చెదలు పడుతుంది. అందుకని నాయన పాతే భాగాన్ని మంటలో నల్లగా కాల్చి, జనరేటర్ నుంచి తీసిన కాలిన ఆయిలు పూసేవాడు. కప్పుకి కింద టార్పాలిన్ పట్ట, దానిపైన తాటాకు. ఒక్క పట్టే వేస్తే ఎండకి లోపల ఉడికిపోతాం, ఒక్క ఆకే వేస్తే కార్తీకం వానలకి కారుతుంది. రెండూ కలిపి వేయడం నాయన కనిపెట్టుకున్న పద్ధతి. చూరు బాగా కిందికి దించి, సముద్రం వైపు వాకిలి పెట్టేవాడు కాదు. నేల మీద గుంట మట్టి జానెడెత్తు పోసి, అమ్మ పేడతో అలికేది.

ఎంత కాల్చినా, ఎంత ఆయిలు పూసినా గుంజ అడుగు కొంత పాడయ్యేది. మారిన ప్రతిసారీ నాయన ఆ కుళ్లిన ముక్కను రంపంతో కోసేసేవాడు. అంటే ప్రతి మార్పుకీ ఇల్లు నాలుగు వేళ్లో, జానెడో పొట్టిదయ్యేది. కొత్త కర్రలు కొనే డబ్బు అడ్వాన్సులో మిగిలేది కాదు. నేను పెరుగుతున్నాను, ఇల్లు తగ్గుతోంది. పదో తరగతికి వచ్చేసరికి నేను లోపల నిటారుగా నిలబడలేకపోయాను. అమ్మ వంగే వండేది, వంగే ఊడ్చేది.

డిగ్రీలో ఉన్నప్పుడు లైబ్రరీలో థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల, తెగల పుస్తకం చూశాను. అందులో యానాదుల ఇళ్ల గురించి రాశాడు. పొట్టి గుడిసెలనీ, పెద్దవాళ్లు పాక్కుంటూ లోపలికి పోతారనీ ఉంది. చదివి నాకు మా ఇంటి గుంజలు గుర్తొచ్చాయి. పొట్టి ఇల్లు గాలికి ఆగుతుంది, ఆ మాట నాయనే చెప్పేవాడు. కానీ మా ఇల్లు అంత పొట్టిదైంది గాలి కోసం కాదు. కింద నేల మాది కాక.

మా అవ్వది శ్రీహరికోట దీవి. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నప్పుడు ఆమె వాళ్లు కదిలి వచ్చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ పైకి పోయింది. ఇప్పటికీ రాకెట్ పోయినప్పుడు మా గట్టు మీద నుంచి దక్షిణాన మంట కనపడుతుంది. అవ్వ మాత్రం అటు చూడకుండా, "మా చింతచెట్టు యాడుండాదో" అనేది. ఆమెకి ఇల్లు గుర్తులేదు. ఇల్లు మళ్లీ కట్టుకుంది కదా. చెట్టును తెచ్చుకోలేకపోయింది.

అమ్మ ఎక్కడా చెట్టు వేసేది కాదు. హాస్టల్ నుంచి నేనొకసారి మునగ కొమ్మ తెచ్చి గట్టు మీద నాటబోతే, "వద్దు పాపా, అది కాసేసరికి మనం యాడుంటామో" అంది. ఎత్తుకుపోగలిగినదే బాగుచేసుకోవాలన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన పద్ధతి. తలుపు, పట్ట, కర్రలు, పాత్రలు బాగుచేసుకున్నాం. మరుగుదొడ్డి, బోరు, చెట్టు, గట్టి నేల మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు. యానాదులకి ఇల్లు బాగుచేసుకోవడం తెలియదని అనేవాళ్లు ఈ తేడా గమనించరు.

ఇంటి నెంబరు లేనందువల్ల నాయనకి ఆధార్, రేషన్ కార్డు రావడం చాలా ఆలస్యమైంది. కాగితాలు తీసుకుని పోతే ఒక ఆఫీసులో "గట్టు మీద ఉండేవాళ్లకి డోర్ నెంబరు ఎట్లా రాస్తాం?" అన్నారు. చివరికి 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా మొదలైన ఇళ్ల స్థలాల పంపకంలో, ఆ తర్వాత కొన్నాళ్లకి, అమ్మ పేరున సెంటున్నర పట్టా వచ్చింది. ఇంటికి లక్షా ఎనభై వేలు ఇస్తామన్నారు. పల్లపు స్థలం. మట్టి తోలించుకోవడానికే చేతిలో ఉన్నదంతా అయిపోయింది. ఇల్లు పునాది దగ్గరే ఆగింది. గుంటలు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు, రాత్రి కాపలాకి నాయన గట్టు మీదే పడుకుంటాడు. పట్టాతో మా కష్టాలన్నీ తీరాయని రాస్తే అబద్ధమవుతుంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చే ముందు రోజు గట్టు మీద గుడిసెను మేమే విప్పి, కర్రలు కట్టకట్టి, చెట్టుకి తాడేసి బిగించి తుపాను షెల్టర్‌కి పోయాం. తిరిగొచ్చేసరికి గట్టు తెగి ఉంది, కర్రలు ఉన్నాయి. నాయన వాటిని గుంట దగ్గరికి తీసుకుపోలేదు. "ఈసారి మన తావులో ఏద్దాం" అన్నాడు.

పునాది పక్కన, మా సెంటున్నరలోనే గుడిసె వేశాం. నాలుగు మూలలకీ కొత్త సరుగుడు కర్రలు కొన్నాను, నా మొదటి జీతంతో. నాయన అలవాటు కొద్దీ రంపం తీశాడు. "కోయొద్దు నాయనా" అన్నాను. అడుగున కాంక్రీటు పోసి అందులో నిలబెట్టాం. వాసాలకి మేకులు కొట్టాం. అమ్మ లోపలికి పోయి నిటారుగా నిలబడి, చెయ్యి పైకెత్తి వెన్నుగడ అందుతుందేమోనని చూసింది. అందలేదు. నవ్వింది.

పాత రేకు తలుపు ఇప్పుడు స్నానాల తడిక దగ్గర ఉంది. అమ్మ ఎవరినీ అడక్కుండా పునాది పక్కన మునగ కొమ్మ నాటింది. పోయిన ఎండాకాలం తొలి కాపు వచ్చింది. మాకు ఇళ్లు కట్టుకోవడం నేర్పాలని వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. కట్టుకోవడం మాకు వచ్చు, నిలబెట్టుకోవడానికి నేల ఇప్పించండి. అది కూడా పని దగ్గర్లో, నీళ్లు నిలవని చోట.